లావూ సన్నం తిప్పిన వేసవి

పోయిన నెల మా చెల్లెలు రమణమ్మ మనవరాలు సింధు వారం రోజులు మా ఇంట్లో ఉండి పోయింది. ఇక్కడే మార్కాపురంలో ఇంజనీరింగు చదువుతోంది. హాస్టల్లో మోటారు కాలిపోయి నీళ్లు రావడం లేదని, బట్టల సంచీతో పాటు ఒక గిటారునూ, టిఫిను క్యారియరు సైజు నల్ల పెట్టెనూ ఆటోలో వేసుకుని మా వాకిట్లో దిగింది. ఆ పెట్టె ఆంప్లిఫయరట. మొదటిరోజు సాయంత్రం గంటసేపు దాని నాబులు తిప్పింది, రెండు నిమిషాలు వాయించింది, మొహం చిట్లించుకుని మళ్లీ గంటసేపు తిప్పింది. "కుదరడం లేదు తాతా, ఇది నా టోన్ కాదు" అంది చివరికి, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినంత దిగులుగా. నాకు నవ్వు ఆగలేదు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "పిల్ల బాధపడతాంటే ఆ ఇకిలింపు ఏంది?" అని కసిరింది. నవ్వింది సింధును చూసి కాదని వాళ్లిద్దరికీ చెప్పడానికి నాకు ఆ పూటంతా పట్టింది.

సింధుకు నేను రిటైరైన సైన్సు మాస్టారుగానే తెలుసు. ఎనిమిదో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు ధ్వని పాఠం చెప్పి, రెండు మూడు కథల పుస్తకాలు అచ్చు వేయించుకుని, వాటిని అడగని వాళ్లకు కూడా పంచిపెట్టే పెద్దమనిషిని. ఒకప్పుడు నేనూ గిటారు వాయించానంటే ఆ పిల్ల నమ్మలేదు. మా ఆవిడా నమ్మలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆ మాటలోనే కొంత అతిశయోక్తి ఉంది. గిటారు పట్టుకున్నమాట నిజం, ఆంప్లిఫయరు తిప్పినమాట అంతకంటే నిజం. ఆ రెంటి మధ్య వాయించడం అనేది ఏమైనా జరిగిందా లేదా అన్నది మా నాయన తేల్చాడు. ఎలా తేల్చాడో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

ఊరు ఇదే అయినా, అప్పటికింకా మేం కర్నూలు జిల్లా వాళ్లమే. రాష్ట్రం కొత్తది, జిల్లా పాతది, మా సందు అంతకంటే పాతది. ఇల్లు పలకల ఫ్యాక్టరీలున్న వైపు కావడంతో అక్కడ ప్రతి వస్తువు మీదా బూడిదరంగు రాతిపొడి పేరుకుని ఉండేది. దండెం మీది పంచెల మీద, తులసి ఆకుల మీద, మూత పెట్టడం మరిచిపోతే మజ్జిగ మీద కూడా. సాయంత్రం అమ్మ వాకిట్లో నీళ్లు చల్లగానే ఆ పొడి తడిసి, కొత్త పలకను మొదటిసారి తడిబట్టతో తుడిచినప్పటి వాసన సందంతా లేచేది. సరిగ్గా ఆ వేళకు నాయన వచ్చేవాడు. తలగుడ్డ విప్పి దులిపి, కనుబొమల మీది పొడి తుడుచుకుని, అరుగు మీద స్తంభానికి వీపు ఆనించి కూర్చునేవాడు. చెంబెడు నీళ్లు తాగేదాకా ఆయన నోట మాట ఉండేది కాదు. ఫ్యాక్టరీలో ఆయన పని రాళ్లను పరీక్షించడం. క్వారీ నుంచి వచ్చిన రాతిరేకుల్ని కోత మిషన్లకు పంపే ముందు ఒక్కొక్కదాన్నీ పైకెత్తి చిన్న ఇనపకడ్డీతో తట్టాలి. పగులు లేని రాయి ఖంగుమంటుంది, లోపల పగులున్నది మొద్దుగా మూలుగుతుంది. "ఇది పలికింది, పంపించు. ఇది పలకలా, పక్కన పెట్టు." రోజంతా ఇవే మాటలు. కీచుమని అరిచే ఆ కోత మిషన్ల పక్కనే నిలబడి, నాకు ఊహ తెలియక ముందు నుంచీ ఆయన ఆ పని చేస్తున్నాడు.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఎవరూ ఏ మాటా తిన్నగా అనరు. కూరలో ఉప్పు తక్కువైతే నాయన ఉప్పు తక్కువైందని అనడు. "ఉప్పు కనపడలా, యాడికన్నా ఊరికి పోయిందా?" అంటాడు. అమ్మ కూడా తక్కువదేమీ కాదు. నాయన వారం రోజులు గడ్డం గీసుకోకపోతే, "రేయ్, మీ నాయన మొగం కనపడలా, కొంచెం ఎతికిరాపో" అని నన్ను పంపేది. చుట్టాల పెళ్లిలో భోజనం సరిగా జరగకపోతే, ఆకు కనపడింది గానీ అన్నం కనపడలా అని ఇద్దరూ కలిసి నెల్లాళ్లు చెప్పుకునేవాళ్లు. మా ఇంటి భాషలో కనపడలా అంటే లేదని కాదు, ఉన్నా లెక్కలోకి రాలేదని. ఇదంతా ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, నా గిటారు బతుకు ఇలాంటి ఒక్క మాట దగ్గరే బోల్తా పడింది.

ఖాదర్ మామది బస్టాండు దగ్గర రేడియో రిపేరు దుకాణం. మైకు సెట్లు కూడా అద్దెకిచ్చేవాడు. నాయనతో కలిసి బడికి పోయినవాడు కనుక నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ని. గిద్దలూరు నుంచి కురిచేడు దాకా ఎవరింట పెళ్లయినా ఆయన గొట్టాలే చెట్లెక్కేవి. దుకాణంలో సీసం కరిగిన వాసన, వేడెక్కిన వాల్వుల మీద దుమ్ము కాలే వాసన, పక్క హోటల్లో మరిగి మరిగి చిక్కబడిన టీ వాసన. ఎస్సెల్సీ పరీక్షలు రాసి కూర్చున్న ఆ వేసవిలో నేను పొద్దున సంగటి తిని అక్కడికి పోతే మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాణ్ని, తిని మళ్లీ పోయేవాణ్ని. ఆ గోడకే తగిలించి ఉండేది గిటారు. దొనకొండ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక గార్డు దొర ఊరు విడిచి వెళ్లిపోతూ, తన రేడియోను బతికించి ఇచ్చినందుకు గుర్తుగా మామకు ఇచ్చిపోయాడట. ఆరు తీగల్లో రెండు లేవు. మామ సైకిలు బ్రేకు వైరులోంచి పోగులు లాగి ఆ లోటు తీర్చాడు. చూసినవాళ్లంతా, "ఏంది ఖాదరూ, తంబూరాకు నడుం సన్నబడింది?" అని అడిగిపోయేవాళ్లు.

ఒకరోజు తోచక మామ పాత హెడ్‌ఫోనులోంచి ఒక బిళ్ల ఊడదీసి, గిటారు చెక్కకు గుడ్డపట్టీతో కట్టి, దాని వైరు తీసుకొచ్చి ఆంప్లిఫయరులో పెట్టాడు. "మీటు అల్లుడా" అన్నాడు. మీటాను. దుకాణం కప్పు మీది గొట్టంలోంచి ఆ శబ్దం బస్టాండంతా పడింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా తలలెత్తారు. ఆ తలలు ఎత్తడం చూశాక ఇక నేను మనిషిని కాలేదు. మర్నాటి నుంచి జుట్టు పెంచడం మొదలుపెట్టాను. సంతలో నల్ల కళ్లద్దాలు కొని దుకాణం లోపల, నీడలో కూర్చున్నప్పుడు కూడా పెట్టుకునేవాణ్ని. అవి పెట్టుకుంటే తీగలు కనపడేవి కావు. అయినా తీయలేదు.

ఆ ఆంప్లిఫయరుకు నాలుగు నాబులు. రెండు వాల్యూముకు, మిగిలిన రెండు బేసుకూ ట్రెబులుకూ. ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. మామ వాటికి లావు, సన్నం అని పేర్లు పెట్టుకున్నాడు. "పెండ్లోళ్లకు సన్నం పెంచాల అల్లుడా, నాలుగు ఊర్ల దాకా పోతాది. హరికథకైతే జరా లావు కలపాల. ప్రతి మనిషికీ ఒక గొంతు ఉంటాది. అది యాడుండాదో ఈ నాబుల్లో ఎతికి పట్టుకోవాల, అంతే" అనేవాడు. ఆ చివరి ముక్క నా నెత్తికెక్కింది. నా గొంతు ఎక్కడో ఆ రెండు నాబుల మధ్య దాక్కుని ఉందని, అది దొరికితే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయని గట్టిగా నమ్మాను. మిగతావన్నీ అంటే వాయించడం రావడం. దానికి తొందరేముంది అనుకున్నాను. నాకు వచ్చినవి మూడు పాటల ముక్కలు. ఒకదానికి మొదలు లేదు, ఒకదానికి చివర లేదు, మూడోదానికి మధ్యలో పెద్ద గుంట.

వెతకడం మాత్రం శాస్త్రీయంగా వెతికాను. ఆంప్లిఫయరు నల్లటి ముఖం మీద నాబుల చుట్టూ బలపంతో పదేసి గీతలు గీశాను. ఇంట్లోంచి ఒక పలక తీసుకుపోయి కుదిరిన గొంతునల్లా దాని మీద రాసుకునేవాణ్ని. లావు మూడు, సన్నం ఎనిమిది, వాన వచ్చేముందు బాగుంది. లావు ఐదు, సన్నం తొమ్మిది, కొంచెం దుఃఖం. ఒకరోజు ఇదే నా గొంతు అని ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డ క్షణం ఒకటి వచ్చింది. గబగబా రాసుకుని, పలకను భద్రంగా ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను. మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే దాని మీద ఏడో ఎక్కం ఉంది. రమణమ్మ ఉమ్మి పెట్టి మరీ శుభ్రంగా తుడిచింది. దాన్ని కొట్టడానికి చెయ్యెత్తితే, "బడి పలక బడికి కాకపోతే నీ పాడె మీదికా?" అంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. పలకలు చేసే ఊళ్లో పుట్టి, రాసింది తుడిస్తే పోతుందన్న సంగతి నాకు తట్టకపోవడం ఈనాటికీ ఆశ్చర్యమే.

అంతకంటే పెద్ద అవమానం ఇంకో వారంలో జరిగింది. లావు నాలుగు మీద పెడితే శోకం ఎక్కువవుతోందని, మూడు మీద పెడితే గాంభీర్యం వస్తోందని నేను మామకు వివరిస్తున్నాను. మామ బీడీ పక్కన పెట్టి నా వంక జాలిగా చూశాడు. "అరె అల్లుడా, ఆ గొట్టంలో లావు రాదురా. ఇనపరేకు గొట్టం, దాంట్లో సన్నమే పలుకుతాది. నువ్వు లావు తిప్పినా ఒకటే, నా చెవి తిప్పినా ఒకటే." నెలన్నర పాటు నేను విన్న శోకమూ గాంభీర్యమూ ఎక్కడివో నాకు తెలియదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ మాట విన్నాక కూడా ఇంకో రెండు రోజులు నాకు ఆ తేడా వినపడుతూనే ఉంది.

ఇది ఇట్లా సాగుతుండగా ఖాదర్ మామకు ఒక ఆలోచన వచ్చింది. పెళ్లిళ్లలో రికార్డులే కాకుండా నలుగురు కుర్రవాళ్లతో పాటల పార్టీ ఒకటి పెడితే ఎట్లుంటుందని. హార్మోనియం మనిషి దొరికాడు, డోలకు మనిషి దొరికాడు, గిటారుకు నన్ను రమ్మన్నాడు. నాకు భూమ్మీద కాలు నిలవలేదు. అదే వారం ట్రైనింగు స్కూల్లో నాకు సీటు వచ్చిందని కార్డు వచ్చింది. రెండిట్లో ఒకటే కుదురుతుంది. అమ్మ ట్రైనింగు అంది. నేను పార్టీ అన్నాను. నాయన నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, "నేను ఒకసారి ఇంటా. బాగుంటే మామ ఎంట పో. లేకుంటే బడిపంతులువు గా" అన్నాడు. న్యాయంగానే ఉందనిపించింది. మా నాయన రాయి వినే మనిషి. ఆయన పలికింది అంటే ఇక ఊళ్లో ఎవరూ కాదనరు. నిజం చెప్పాలంటే పార్టీ కంటే కూడా ఆయన నోట ఆ ఒక్క మాట వినాలనే నాకు ఎక్కువ ఆశ.

మొదటిసారి దుకాణం దగ్గరే విన్నాడు. ఫ్యాక్టరీ నుంచి తిరిగొస్తూ రోడ్డుకు అవతల నిలబడ్డాడు. నేను గొట్టాన్ని ఆయన వైపు తిప్పి, సన్నం పది దాకా పెంచి, మొదలు లేని పాట వాయించాను. టీ హోటలాయన చెవులు మూసుకున్నాడు. కట్టేసిన గుర్రం బండిని ఈడ్చుకుని నాలుగడుగులు పోయింది. నాయన చివరిదాకా నిలబడి, రోడ్డు దాటి వచ్చి, "ఇనపడలా" అన్నాడు. అని ఇంటికి పోయాడు. ఉప్పు కనపడలా అన్నట్టే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వారం తిరక్కుండా మామను బతిమాలి, లారీ బ్యాటరీనీ ఆంప్లిఫయరునూ గొట్టాన్నీ సైకిలు మీద ఇంటికి తెచ్చాను. మా ఇంట్లో అప్పటికి కరెంటు లేదు. అరుగు మీద, ఆయనకు మూరెడు దూరంలో గొట్టం పెట్టి, చివర లేని పాట వాయించాను. పక్కింటి అవ్వ బయటికొచ్చి ఎవరు పోయారని అడిగింది. నాయన గొట్టంలోకి ఒకసారి తొంగి చూశాడు. "ఏమోరా, ఈగ తిరిగినట్టుండాది. ఇనపడలా" అన్నాడు మళ్లీ.

ఆ పూట నేను అన్నం తినలేదు. కన్నకొడుకు మీద ఇంత వెటకారమా అని గోడ వైపు తిరిగి పడుకున్నాను. అమ్మ కంచం తెచ్చి పక్కన పెట్టింది. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించి, "ఆయప్ప నిన్ను ఎక్కిరించలేదురా. నిజంగానే ఇనపడలా" అంది. నాకు అర్థం కాలేదు. "మీ నాయనకు సన్న శబ్దాలు ఇనపడి నాలుగేండ్లు అయితాంది. మిషన్ల కాడ పోయినాయి చెవులు. లావు గొంతైతే ఇంటాడు. నీకు తెల్దా?" అంది, నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు. తర్వాత నా మోకాలు పట్టుకుని, "మేస్త్రికి తెలిస్తే పని పోతాది. యాడా నోరెత్తబాక" అంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అమ్మ ఆయన్ను భోజనానికి పిలవాలంటే గాజుల చెయ్యి ఊపదు, రోకలి బండతో గడపను గుద్దుతుంది. రమణమ్మ ఎంత పిలిచినా పలకడు. ఆడపిల్లంటే లోకువ కాబోలని నేను అనుకునేవాణ్ని. రమణమ్మ మాత్రం సంగతి ఎప్పుడో కనిపెట్టి, పిలవడం మాని ఆయన చొక్కా లాగేది. వెనకనుంచి సైకిలు బెల్లు కొట్టినా పక్కకు తప్పుకోడు, అది ఆయన పొగరని వీధిలో పేరు. ఇక రాళ్లు. ఫ్యాక్టరీకి అన్నం క్యారియరు తీసుకుపోయినప్పుడు చాలాసార్లు చూశాను. ఆయన రాయిని అరచేత్తో కాదు, ఐదు వేళ్ల కొసల మీద నిలబెట్టి తట్టేవాడు. అదేదో పనితనం అనుకుని మురిసిపోయాను. వినపడని ఖంగును ఆయన వేళ్లతో పట్టుకుంటున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లకు తెలిసిన సంగతి, బస్టాండులో కూర్చుని శోకానికీ గాంభీర్యానికీ గీతలు గీసే ఈ మహానుభావుడికి తెలియలేదు. ఆ ఇంట్లో చెవిటివాడు నాయన ఒక్కడే కాదు. గోడ వైపు తిరిగే ఏడ్చాను. ఏడ్చి, లేచి, అన్నం తిన్నాను.

ఆ మర్నాటి నుంచి నేను నా గొంతు వెతకడం మానేశాను. నాయనకు వినపడే గొంతు కావాలి. లావు కావాలి. లావు రావాలంటే గొట్టం పనికిరాదు, కాగితం స్పీకరు ఉండాలన్నాడు మామ. డేరా సినిమావాళ్లు పారేసిన చినిగిన స్పీకరు ఒకటి అటక మీద నుంచి తీశాడు. చింతగింజల జిగురుతో పాత ధోవతి పీలికలు అంటించి దాన్ని నిలబెట్టాం. దానికి పెట్టె కావాలి. లోకంలో అందరూ అట్లాంటి పెట్టెను చెక్కతో చేస్తారు. మాకు చెక్క ఎక్కడిది? ఫ్యాక్టరీ వెనక గుట్టగా పడి ఉన్న పలక రాయి ఉంది. "రాతిపెట్టె చేద్దాం మామా" అన్నాను. మామ వెంటనే, "హౌ, చేద్దాం" అన్నాడు. పలకల ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఇద్దరు మనుషులు ఇంత తేలిగ్గా ఈ పనికి ఒప్పుకోరు.

నాయనను పనికిరాని రాతిరేకులు కొన్ని అడిగాను. ఎందుకని అడగలేదు. రోజూ సాయంత్రం రెండేసి భుజాన వేసుకుని వచ్చేవాడు. మూడోరోజు చూస్తే అవి పనికిరానివి కావు, ఒక్కదానికీ పగులు లేదు. అంచులకు ఇనప పట్టీలు బిగించి, సందులకు మైనం పూసి, ముందు రేకుకు గుండ్రంగా కంత తొలిచేసరికి పది రోజులు పట్టింది. పెట్టెను అరుగు మీదే కట్టడం వల్ల అది అరుగు మీదే ఉండిపోయింది. నలుగురు పట్టినా లేవలేదు. పార్టీలో చేరితే దీన్ని గిద్దలూరు పెళ్లికి ఎట్లా తీసుకుపోతావని రమణమ్మ అడిగింది.

సింధు పెట్టెలో వందరకాల గొంతులు ముందే పోసి ఉన్నాయట. ఫోను మీద వేలు ఆనిస్తే రాతిపెట్టె గొంతు కూడా వస్తుందేమో, నేను అడగలేదు. చెవులకు తొడుగు పెట్టుకుని ఆ పిల్ల తన టోన్ తను వెతుక్కుంటూ ఉంటే, పక్క గదిలో ఉన్న మాకు తీగల టిక్కుటిక్కు తప్ప ఏమీ వినపడేది కాదు. ఎవరికీ ఇబ్బంది లేదు. పక్కింటివాళ్లు ఎవరు పోయారని అడగరు, గుర్రాలు బెదరవు. అది మంచిదే. మా కాలం గొప్పదని నేను అనను. మా కాలంలో ఒక మనిషి చెవులు పోయిన సంగతి దాచుకుని బతకాల్సి వచ్చింది, ఆయన కొడుకు అది గమనించకుండా కళ్లద్దాలు పెట్టుకుని తిరిగాడు. కాకపోతే నా గొంతు బాగుందో లేదో నేనొక్కణ్నే కూర్చుని తేల్చుకునే వీలు మాకు లేదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని వినాల్సిందే.

ఫ్యాక్టరీకి సెలవున్న ఒక మధ్యాహ్నం ఖాదర్ మామ బ్యాటరీ తెచ్చాడు. నాయన భోజనం చేసి వచ్చి, నేనేమీ చెప్పకముందే రాతిపెట్టెకు వీపు ఆనించి కూర్చున్నాడు. అమ్మ గడపలో నిలబడింది. లావు పది మీద పెట్టాను, సన్నం సున్నా చేశాను. మొదటి తీగ మీటగానే బురదలోంచి దున్నపోతు లేచినట్టు ఒక శబ్దం వచ్చింది. నేను కలలో కూడా కోరుకోని గొంతు. ఆ గొంతులో దాపరికం అనేది లేదు. సన్నంలో జారిపోయే తప్పులన్నీ ఇందులో ఒక్కొక్కటిగా బయటికొచ్చి నిలబడ్డాయి. వేలు ఆలస్యంగా పడటం, తీగ తప్పడం, మధ్యలోని గుంట. ఆపేద్దామనుకుంటూ తలెత్తి చూశాను. నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక అరచెయ్యి రాతి మీద పరిచి ఉంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాట ఎట్లాగో ఒడ్డు చేరింది. నాయన కళ్లు తెరిచి, నా వైపు తిరిగి, "ఇనపడిందిరా" అన్నాడు. "మొత్తం ఇనపడింది." ఆయన రాతి మీది చెయ్యి తీసి, ఏ వెటకారమూ లేకుండా, మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనని అంత తిన్నగా, "బాగలేదు" అన్నాడు.

మామ ముందు నవ్వాడు. తర్వాత అమ్మ, తర్వాత నేను. పార్టీ పోయింది, ట్రైనింగు ఖాయమైంది, బడిపంతులుగా నా ముప్పై ఏళ్లూ ఆ ఒక్క మాటతో తేలిపోయాయి. అయినా నాకు దుఃఖం రాలేదు. ఆయన విన్నాడు. విన్నాడు కాబట్టే బాగలేదన్నాడు. ఆ తర్వాత నా కథల్ని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, సన్మానాలు చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఎందరు చదివారో నాకు తెలియదు. నేను నవ్వుతూనే గిటారు పక్కన పెట్టి, ఆంప్లిఫయరు వైరు పీకబోయాను. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపినావేంది?" అన్నాడు. "బాగలేదన్నా గానీ ఆపమన్నానా? వాయించు."

బ్యాటరీ దిగిపోయేదాకా వాయించాను.